జాతరకు వచ్చే బస్సు

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ఆర్టీసీ 6,000 బస్సులు నడిపింది. కరీంనగర్, హుజూరాబాద్, మంథని, గోదావరిఖని, మంచిర్యాల, ఆదిలాబాద్, ఎక్కడి వాళ్ళకు అక్కడే బస్సు దొరికింది. ఏడాదంతా ఖాళీగా ఉండే నేల మీద నాలుగు రోజుల కోసం ఒక పెద్ద బస్టాండు లేచి నిలబడింది. ఊరి పేరు రాసిన బోర్డులు, వాటి కింద బారులు తీరిన క్యూలైన్లు, తాగునీళ్ళు, దారిలో మొరాయించిన బండిని చూసుకునే మెకానిక్కులు, అన్నీ ఉన్నాయి. వేలమంది డ్రైవర్లు, కండక్టర్లు ఇండ్లు విడిచి వచ్చి పగలూ రాత్రీ పనిచేశారు. బంగారం అని మనం పిలుచుకునే బెల్లం మూటను నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ అడవి మధ్య గద్దెల దాకా పోయి, మొక్కు చెల్లించి, మళ్ళీ తన ఊరి చౌరస్తాలో దిగింది. అంతమంది జనాన్ని అంత తక్కువ వ్యవధిలో ఒక అడవి పల్లెకు చేర్చి తిరిగి తీసుకురావడం చిన్న పని కాదు. ఆ పని చేసిన సంస్థకు, దాని వెనుక నిలబడిన సర్కారుకు రెండు చేతులా దండం పెడుతున్నాను.

ఈ వ్యాసంలో నేను చేయబోయేదంతా ఇట్లాంటి పొగడ్తే. ఎగతాళి కాదు, ఉన్నమాట. అయినా ఇది చదివిన తర్వాత ఎవరికైనా నింద విన్నట్టు అనిపిస్తే నేను కాదనను. మా గోదావరి ఒడ్డున ఈ పద్ధతి పాతదే. ధర్మపురి శేషప్ప తన ఊరి నరసింహస్వామిని శతకం నిండా పొగిడాడు, వేడుకున్నాడు, నడుమ నడుమ తగవు కూడా పడ్డాడు. ఎవరైనా తగవు పడేది చేతనైన వాడితోనే. చేతకాని దేవుడి గుడి ముందు నిలబడి గట్టిగా అడిగే మనిషి ఉండడు. మన ప్రయాణాల విషయంలో సర్కార్లకు చేతకాదని నేను ఏనాడూ నమ్మలేదు. వాళ్ళకు ఎంత చేతనవుతుందో చెప్పడమే నా ఉద్దేశం.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌కు రండి. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశం వాళ్ళు గోదావరి దాకా కాలినడకన పోయి నీళ్ళు తెచ్చి తమ దేవుడిని అభిషేకిస్తారు. అది వాళ్ళ మొక్కు, వాళ్ళ నియమం. మిగతా జనం కోసం ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. జాతర ముగింపులో దర్బారు జరుగుతుంది. కుమురం భీం పోరాటం తర్వాత, 1940లలో, మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఆలోచనతో మొదలైన దర్బారు అది. అధికారులే గిరిజనుల దగ్గరికి వచ్చి కూర్చుని గోడు వినాలన్న ఏర్పాటు. ఎనభై ఏళ్ళుగా ఆ ఆనవాయితీ నిలబడడం గొప్ప విషయం. కలెక్టరు వస్తారు, మంత్రులు వస్తారు, శాఖలన్నీ వరుసగా కూర్చుంటాయి. ఆ రోజు కేస్లాపూర్‌కు దారి ఉన్నది, బస్సు ఉన్నది, అంబులెన్సు ఉన్నది, వైర్‌లెస్ సెట్టు పట్టుకున్న పోలీసు ఉన్నాడు.

మరి నెల దాటిన తర్వాత ఒక మామూలు మంగళవారం నాడు? ఉట్నూరు, నార్నూరు, జైనూరు, కెరమెరి, సిర్పూర్ యూ, లింగాపూర్ మండలాల గూడేల నుంచి ఉట్నూరు ఆసుపత్రికి పోవాల్సిన గర్భిణి రోడ్డు మీదికి నడిచి వచ్చి చెట్టు కింద కూర్చుంటుంది. వచ్చేది ఆటో కావచ్చు, జీపు కావచ్చు. అది నిండితేనే కదులుతుంది. నిండడం అంటే సీట్లు నిండడం కాదు, వెనుక నిలబడే కడ్డీ కూడా నిండడం. వానకాలం వాగు పొంగితే అదీ లేదు. ఇంటర్ చదివే పిల్ల పొద్దుటి ట్రిప్పు తప్పిపోతే ఆ రోజు కాలేజీ తప్పిపోయినట్టే. సాయంత్రం ట్రిప్పు తప్పిపోతే ఇంట్లో వాళ్ళకు గుండె జారుతుంది, అట్లా రెండుమూడు సార్లయితే చదువు మాన్పిస్తారు. జాతరకు రాగలిగిన బస్సు బడికి రాలేదంటే దారి బాగా లేకనో, డ్రైవరు లేకనో, డీజిలు లేకనో కాదు. అవన్నీ జాతర నాడు ఉన్నాయి.

ఎన్నికల నాడు కూడా ఉంటాయి. ఓట్ల యంత్రాలను, సిబ్బందిని, పోలీసులను మోసుకుంటూ వాహనాలు ఏ మూల పోలింగ్ కేంద్రానికైనా ముందురోజు సాయంత్రానికే చేరుకుంటాయి. ఎంతమంది ఓటర్లు ఉన్నారు, గిట్టుబాటు అవుతుందా అని అక్కడ ఎవరూ లెక్క వేయరు, వేయకూడదు కూడా. ఒక్క ఓటు కోసమైనా పోవాలన్నది మన ప్రజాస్వామ్యం చేసిన మంచి నిర్ణయం. 2018 సెప్టెంబరు 2న కొంగరకలాన్‌లో అప్పటి పాలకపక్షం సభ పెడితే రాష్ట్రం నలుమూలల నుంచి వేలకొద్దీ ఆర్టీసీ బస్సులు జనాన్ని తీసుకుపోయాయి. ఆ పార్టీ ఒక్కటే కాదు, అన్ని పార్టీలూ ఈ పని చేస్తాయి. పొద్దున ఊరి ముందు బస్సు నిలబడుతుంది, రాత్రి అదే బస్సు ఇంటి దగ్గర దింపుతుంది. పల్లె జనానికి సమయానికి వచ్చి సమయానికి దింపే బస్సు ఎట్లా ఉంటుందో చూపించింది ఈ సభలే.

రోడ్ల సంగతికి వస్తే మెచ్చుకోవలసింది ఇంకా ఎక్కువ. శామీర్‌పేట నుంచి గోదావరి దాకా 200 కిలోమీటర్లకు పైగా సాగే రాజీవ్ రహదారి నాలుగు వరుసలైన తర్వాత కరీంనగర్ నుంచి హైదరాబాద్ పోయి అదే రోజు తిరిగి రావడం మామూలు విషయం అయిపోయింది. రోగిని నిమ్స్‌కు తీసుకుపోయే వాళ్ళు, కూరగాయల లారీలు, రామగుండం బొగ్గు, సిమెంటు, అందరూ ఆ దారికి రుణపడి ఉన్నారు. కరీంనగర్ నుంచి వరంగల్ దాకా 563 నంబరు జాతీయ రహదారిని 68 కిలోమీటర్ల పొడవున నాలుగు వరుసలు చేయడానికి 2023 జులై 8న ప్రధాని వరంగల్‌లో శంకుస్థాపన చేశారు. దాని ఖర్చు 2,100 కోట్ల రూపాయలకు పైమాటే. ఆదిలాబాద్ నిర్మల్ మీదుగా పోయే 44వ నంబరు రహదారి మీద ప్రయాణం చేసిన వాళ్ళకు దాని నున్నదనం తెలుసు. మానేరు మీద కట్టిన తీగల వంతెనను 2023 జూన్‌లో తెరిచిన నాటి నుంచి సాయంత్రాలు కరీంనగర్ సగం అక్కడే ఉంటున్నది.

పొద్దున ఎనిమిదింటికి రేణికుంట టోల్‌గేటు పక్కన కొంచెంసేపు నిలబడి చూడాలి. కార్లు వరుసగా వస్తాయి. ఐదుగురు కూర్చునే కారులో చాలాసార్లు ఒక్కడే ఉంటాడు. అతన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అతనికి ఆఫీసు ఉన్నది, టైము ఉన్నది, అప్పు చేసి కొన్న కారు ఉన్నది, దాన్ని సాఫీగా నడిపించే దారి ఉన్నది. అతని వెనుకే యాభైమందికి పైగా కూర్చుని, ఇంకొందరు నిలబడి ఉన్న ఎక్స్‌ప్రెస్ వస్తుంది. అదీ టోల్ కట్టాలి. ఆ సొమ్ము టికెట్‌లో కలిసి ఎక్కిన వాళ్ళ మీద పడుతుంది. 2022లో డీజిలు సెస్సు కూడా అట్లాగే టికెట్‌లో చేరింది. నాలుగు మీటర్ల చోటు ఒక్కడికి కావలసిన దారిలో పన్నెండు మీటర్ల చోటులో యాభై మందిని తీసుకుపోయే బండికి మనం ఇస్తున్న గౌరవం ఇది. రోడ్డు వేయడానికి వేల కోట్లు ఒక్క సంతకంతో మంజూరు చేయగలిగిన చేతులు, ఆ రోడ్డు మీద తిరగవలసిన బస్సుల దగ్గరికి వచ్చేసరికి నష్టమెంత, లాభమెంత అని ఎందుకు వెతుకుతాయి? రహదారి లాభమా నష్టమా అని ఏ జిల్లాలోనూ ఎవరూ అడగలేదు. అడగకపోవడమే న్యాయం. బస్సును కూడా అట్లాగే చూడాలి.

2016 అక్టోబరు 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలై జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ వచ్చాయి. సర్కారును జనం దగ్గరికి తేవడం దాని ఆశయం, మంచి ఆశయం. తర్వాత కట్టిన కలెక్టరేట్లు చూడముచ్చటగా ఉన్నాయి. పెద్దపల్లిది, జగిత్యాలది 2022లో, నిర్మల్‌ది 2023లో తెరిచారు. శాఖలన్నీ ఒకే కప్పు కింద, విశాలమైన వరండాలు, ముందు పచ్చిక, కార్లు నిలిపేందుకు కావలసినంత జాగా. పాత తాలూకా కచేరీల ఇరుకు తెలిసినవాళ్ళకు ఇది ఎంత మార్పో అర్థమవుతుంది. ఊరి నడుమ అంత జాగా దొరకదు కాబట్టి చాలాచోట్ల వాటిని ఊరి బయట కట్టారు. సోమవారం ప్రజావాణికి పింఛను కోసమో, పట్టా పాసుపుస్తకం కోసమో అర్జీ పట్టుకుని వచ్చే మనిషి మొదట తన ఊరి నుంచి బస్టాండుకు రావాలి, బస్టాండు నుంచి కలెక్టరేటుకు ఇంకో ఆటో ఎక్కాలి. కారు నిలిపేందుకు ఎన్ని గజాలు కావాలో నక్షా గీసినవాళ్ళు జాగ్రత్తగా లెక్క వేశారు. బస్సు ఎక్కడ ఆగాలి, ఏ టైముకు రావాలి, నీడకు నాలుగు రేకులు ఎక్కడ వేయాలి అన్నది కూడా అదే నక్షాలో, అదే పెన్సిలుతో గీయగలిగేవాళ్ళే.

ఇక మా టీచర్ల గురించి. కరీంనగర్‌లోనో జగిత్యాలలోనో కాపురం పెట్టి, ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలోని బడికి రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్ళు నలుగురు కలిసి ఒక కారులో పోతారు. నెలకొకరు కారు తీస్తారు, పెట్రోలు పంచుకుంటారు. దారిలో సిలబస్, డీఏ, పిల్లల పెండ్లిళ్ళు, అన్నీ మాట్లాడుకుంటారు. నలుగురు నాలుగు కార్లలో పోయేదానికన్నా ఇది ఎంతో మేలు. ఎవరూ చెప్పకుండా, ఏ పథకమూ లేకుండా వాళ్ళంతట వాళ్ళు కనుక్కున్న పద్ధతి. పెద్ద పెద్ద దేశాలు కార్లు పంచుకోమని ఉద్యోగులను బతిమాలుతూ రాయితీలు ఇస్తుంటే, మన దగ్గర అది స్నేహంతోనే జరిగిపోయింది.

కానీ వాళ్ళు బస్సు దిగిపోయిన నాడు బస్సు ఇంకొకటి పోగొట్టుకున్నది. టీచరు, గ్రామ కార్యదర్శి, బ్యాంకు క్లర్కు, నర్సు బస్సులో వచ్చిన కాలంలో ఆ బస్సు టైముకు వచ్చేది. రాకపోతే డిపో మేనేజరుకు ఫోను పోయేది, రాతపూర్వకంగా ఫిర్యాదు పోయేది, పేపర్లో వార్త వచ్చేది. అడగడం తెలిసిన గొంతులు ఒక్కొక్కటిగా కార్లలోకి, బండ్ల మీదికి మారిపోయాయి. మిగిలినవాళ్ళు కూలి మనుషులు, ముసలివాళ్ళు, పిల్లలు. ట్రిప్పు రద్దయితే వాళ్ళు చెట్టు కింద ఇంకొంతసేపు కూర్చుంటారు, అంతే. ఎవరూ అడగని ట్రిప్పు ముందు ఆలస్యమవుతుంది, తర్వాత వారానికి రెండుసార్లు రాకుండా పోతుంది, చివరికి కాగితం మీద ఉండి రోడ్డు మీద ఉండదు. ఎక్కేవాళ్ళు లేరని అప్పుడు రాస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే. మనుషుల ఓపిక వాళ్ళకే శత్రువైంది.

పల్లెవెలుగు కండక్టరును పొగడకుండా ఈ స్తుతి సాగదు. అతను ఎవరినీ వదిలిపెట్టడు. కోళ్ళ గంపతో వచ్చినా, వడ్ల మూటతో వచ్చినా, గొర్రెపిల్లతో వచ్చినా "ఎక్కున్రి, ఎక్కున్రి, జర లోపటికి జరుగున్రి" అంటాడు. నడవలేని ముసలాయన కోసం స్టేజీ కాని చోట కూడా బస్సు ఆపిస్తాడు. ఊరి పిల్లలందరి పేర్లు అతనికి తెలుసు. అతను నడిపే బండి చాలాసార్లు ఎక్స్‌ప్రెస్‌గా లక్షల కిలోమీటర్లు తిరిగి, అలిసిపోయిన తర్వాత రంగు మార్చుకుని పల్లెకు వచ్చిన బండి. కిటికీ అద్దం పడదు, వాన లోపలికే కొడుతుంది, గేరు వేస్తే మొత్తం బస్సు వణుకుతుంది. ఆ బండిని డ్రైవరు ఏ పూటకు ఆ పూట ఊరు చేరుస్తాడు. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు సమ్మె చేసిన 48,000 మందిలో వీళ్ళూ ఉన్నారు. జీతం లేక, కొందరు ప్రాణాలే పోగొట్టుకుని, అడిగినవి చాలావరకు దక్కకుండానే తిరిగి డ్యూటీ ఎక్కి, మరుసటి పొద్దున మళ్ళీ అదే స్టేజీలో "ఎక్కున్రి" అన్నారు.

ఎవరినీ వదిలిపెట్టకపోవడం అనే ఆ మంచితనం 2018 సెప్టెంబరు 11న ఏమైందో కొడిమ్యాల మండలం జనం మరిచిపోలేరు. జగిత్యాల డిపో బస్సు కొండగట్టు ఘాటు దిగుతూ లోయలో పడిపోయింది. 60 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. ఒకే ఊరి నుంచి, ఒకే వాడ నుంచి, ఒకే ఇంటి నుంచి పోయినవాళ్ళు ఉన్నారు. బస్సులో సీట్ల లెక్కకు దాదాపు రెండింతల మంది ఉన్నారని బయటపడింది. డ్రైవరు తప్పా, బ్రేకు తప్పా, ఘాటు మలుపు తప్పా అని చాలాకాలం మాట్లాడుకున్నారు. నూరుమంది ఒకే బస్సులో ఎందుకున్నారు అన్న ప్రశ్నకు అవి జవాబు కావు. తర్వాతి బస్సు ఎప్పుడు వస్తుందో తెలియనివాళ్ళు వచ్చిన బస్సును వదులుకోరు. తర్వాతి బస్సు ఎప్పుడు వస్తుందో తెలిసిన కండక్టరు వాళ్ళను దింపలేడు. అక్కడ ఇద్దరూ చేసింది మానవత్వంతో చేసిన పనే. దాన్ని ప్రాణాంతకం చేసింది రాని రెండో బస్సు. ప్రమాదం జరిగిన గంటల్లో అంబులెన్సులు, క్రేన్లు, మంత్రులు, అధికారులు కొండగట్టుకు చేరుకున్న వేగాన్ని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకుంటున్నాను. ఆ వాహనాల్లో ఒక్కటైనా ఆ పొద్దున రెండో ట్రిప్పుగా వచ్చి ఉంటే అన్న మాట మాత్రం గొంతులోంచి పోదు.

ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం ఈ రాష్ట్రం చేసిన మంచి పనుల్లో ఒకటి. 2023 డిసెంబరు 7న కొత్త సర్కారు ప్రమాణం చేసింది, 9న మహాలక్ష్మి మొదలైంది. రెండు రోజులు! కమిటీ లేదు, అధ్యయనం లేదు, దశలవారీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. 2025 జులై నాటికి 200 కోట్ల ప్రయాణాలు దాటాయని సంస్థ పండుగ చేసుకుంది. చేసుకోవలసిందే. కోరుట్లలో బీడీలు చుట్టే ఆమె ఛార్జీల కోసం మొగుడి చేతి వైపు చూడకుండా తల్లిగారింటికి పోయి వస్తున్నది. వేములవాడ రాజన్న దర్శనం వాయిదా వేయనక్కర లేకపోయింది. కూలి ఎక్కువ దొరికే ఊరికి పోగలుగుతున్నది. డిగ్రీ చదువుకు కరీంనగర్ దూరం కాకుండా పోయింది. ఆడమనిషి ఇంట్లోంచి కదలడానికి ఖర్చు ఒక అడ్డంకి అని గుర్తించిన సర్కారును ఎంత పొగిడినా తక్కువే.

కదలడానికి బస్సు కూడా కావాలని అదే సర్కారుకు తెలియదని ఎవరంటారు? టికెట్ రెండు రోజుల్లో వచ్చింది. ఎక్కేవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు, బస్సులు అంత వేగంగా పెరగలేదు. దాని ఫలితం సీటు కోసం జరిగే తగవులు. కిటికీలోంచి చున్నీ వేసి సీటు ఆపుకున్న ఆమె మీద, డబ్బులిచ్చి నిలబడిన మగవాళ్ళ కోపం. ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారన్న మాట. ఇది నన్ను చాలా నొప్పించిన మాట. మోటారు సైకిలు మీద మగవాడు చౌరస్తాకు చాయ్ తాగడానికి పోతే ఊరికే తిరగడం అని ఎవరూ అనలేదు. బస్సులు తక్కువైన తప్పును తీసుకుపోయి ఆడవాళ్ళ మీద పెట్టాం. ఇంకో వైపు బేరాలు పడిపోయి ఆటోవాళ్ళు రోడ్డెక్కారు. ఏళ్ళ తరబడి బస్సు రాని ఊళ్ళను మోసింది వాళ్ళే. నస్పూర్, శ్రీరాంపూర్ గనుల వైపు, గోదావరిఖని చౌరస్తా నుంచి కాలనీలకు, రాత్రి షిఫ్టు దిగిన కార్మికుడికి దొరికింది వాళ్ళ ఆటోనే. వాళ్ళకు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తామని ఎన్నికల్లో మాట ఇచ్చారు. డబ్బుతో పాటు వాళ్ళకు కావలసింది చోటు. బస్సు రోడ్డు మీద దింపిన మనిషిని గూడెం దాకా తీసుకుపోయే పని, అదే టికెట్ మీద, అదే టైముకు. పేదవాళ్ళ రెండు బండ్లను పోటీకి నిలబెట్టడం కన్నా ఒకదాని వెనుక ఒకటి నిలబెట్టడం కష్టం కాదు.

2024 సెప్టెంబరులో కరీంనగర్-2 డిపోకు ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీలు వచ్చాయి. పొగ లేదు, మోత లేదు. ఆ కార్యక్రమాన్ని నడిపిన రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ ఈ నేల మనిషే, ఒకప్పుడు కరీంనగర్ ఎంపీ, ఇప్పుడు హుస్నాబాద్ ఎమ్మెల్యే. హైదరాబాద్‌కు కారు తీయాలా వద్దా అని ఆలోచించే మనిషిని బస్సు వైపు తిప్పే శక్తి ఆ బండ్లకు ఉన్నది. అందుకే అవి హైదరాబాద్ దారిలోనే ఆగిపోకూడదు. జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, హుజూరాబాద్, నాలుగు దిక్కులా నలభై యాభై కిలోమీటర్ల దూరమే. పొద్దున పోయి సాయంత్రం వచ్చే ఉద్యోగి కారు దిగేది ఆ దూరాల్లోనే.

రైల్వేను పొగిడే పని మిగిలింది. 2024 సెప్టెంబరు 16న నాగపూర్ సికింద్రాబాద్ వందే భారత్ మొదలైంది. రామగుండంలో ఆగింది. బొగ్గు గనుల ఊళ్ళ మీదుగా ఆ కొత్త రైలు పోతుంటే జనం ప్లాట్‌ఫారాల మీద నిలబడి చూశారు. 20 బోగీలతో మొదలైన ఆ బండి, ఎక్కేవాళ్ళు చాలక 2025లో 8 బోగీలకు తగ్గింది. అదే పట్టాల మీద భాగ్యనగర్‌లో, సింగరేణి ప్యాసింజర్‌లో కాలు పెట్టే చోటు ఉండదు. బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి, జమ్మికుంట, ఈ స్టేషన్ల మధ్య నెల పాసు మీద తిరిగే గుమాస్తాలు, కూరలమ్మేవాళ్ళు, నర్సింగ్ విద్యార్థులు ఆ బండ్లను తమ ఇంటి వరండాలాగా వాడుకుంటారు. 2020 మార్చిలో కరోనాతో ప్యాసింజర్లు ఆగిపోయాయి. మళ్ళీ వచ్చినప్పుడు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అన్న పేరుతో వచ్చాయి. 10 రూపాయల కనీస టికెట్ 30 అయింది. బోగీలు అవే, ఆగే స్టేషన్లూ దాదాపు అవే. 2024 ఫిబ్రవరిలో పాత ఛార్జీ మళ్ళీ వచ్చింది, అది మంచి నిర్ణయం. నాలుగేళ్ళు ఆ 20 రూపాయలు కట్టినవాళ్ళు రోజుకూలీలు.

పెద్దపల్లి నిజామాబాద్ లైను సుమారు 177 కిలోమీటర్లు. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న 1993లో మొదలై, 2017లో పూర్తయింది. ఇరవై నాలుగేళ్ళ తర్వాత రెండు కొసల పట్టాలు కలిశాయి. పొద్దున ఆఫీసుకు చేర్చి సాయంత్రం ఇంటికి తెచ్చే బండ్లు మాత్రం ఆ లైను మీద వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు రైలెక్కితే మహారాష్ట్రలోని ముద్ఖేడ్ దాకా పోయి మళ్ళీ తెలంగాణలోకి రావాలి. బొమ్మల నిర్మల్‌కు రైలే లేదు.

ఈ గడ్డ మీద ఒకప్పుడు రైలును, బస్సును ఒకే చెయ్యి నడిపింది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో తన రోడ్డు రవాణా శాఖను తెరిచింది. ఇప్పటి ఆర్టీసీకి అదే మూలం. 1951లో అది రైల్వే నుంచి విడిపోయేదాకా పట్టాలూ చక్రాలూ ఒకే శాఖవి. నిజాం పాలనలో వెట్టి చేసిన నేల మాది, ఆ రాజ్యాన్ని పొగడడానికి నాకు నోరు రాదు. కానీ రైలు దిగిన మనిషికి బస్సు కావాలన్న సంగతి అప్పటి ఇంజనీర్లకు తట్టింది. స్విట్జర్లాండ్ 1982లో దేశం మొత్తానికీ గంట గంటకూ ఒకే వరుసలో నడిచే టైమ్‌టేబుల్ పెట్టినప్పుడు కొండ పల్లెల బస్సులు కూడా రైళ్ళతో జతకలిశాయి. రైలు వచ్చేసరికి స్టేషను ముందు బస్సు ఉంటుంది. వాళ్ళది ధనిక దేశం, నిజమే. రైలు వచ్చే నిమిషాన్ని బట్టి బస్సు బయలుదేరే నిమిషాన్ని రాయడానికి మాత్రం ధనం అక్కర లేదు. హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్టాండు తర్వాత రాష్ట్రంలో పెద్దది అని చెప్పుకునే కరీంనగర్ బస్టాండు ఉన్నది, దానికి దూరంగా ఊరి అంచున రైల్వే స్టేషను ఉన్నది. ఆ రెండిటి మధ్య మాట్లాడేది ఆటోడ్రైవరు ఒక్కడే.

మనోహరాబాద్ కొత్తపల్లి లైను వస్తున్నది. 151 కిలోమీటర్ల ఆ లైనుకు 2016 ఆగస్టు 7న గజ్వేల్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు, 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చింది, ఇప్పుడు సిరిసిల్ల వైపు పనులు సాగుతున్నాయి. అది కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లి చేరిన నాడు ఈ ప్రాంతానికి రాజధానికి నేరుగా రైలు దొరుకుతుంది. భూములిచ్చిన రైతులకు, వంతెనలు కట్టిన ఇంజనీర్లకు అందరం దండం పెట్టాలి. ఆ రోజుకు ప్రారంభోత్సవ శిలాఫలకం సిద్ధంగా ఉంటుందని నాకు అనుమానం లేదు. దాంతోపాటు ఇంకొన్ని కాగితాలు సిద్ధం కావాలి. పొద్దుటి రైలుకు అందేలా చొప్పదండి, గంగాధర, మానకొండూరు నుంచి ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరుతుంది. సాయంత్రం రైలు అరగంట ఆలస్యమైతే కొత్తపల్లిలో బస్సును ఆపే అధికారం ఎవరికి ఉన్నది. సిరిసిల్లలో మరమగ్గం షిఫ్టు దిగినవాడికి, వేములవాడలో దర్శనం చేసుకున్నవాళ్ళకు స్టేషను నుంచి చివరి బస్సు ఏది. రైల్వేవాళ్ళూ ఆర్టీసీవాళ్ళూ కలిసి ఒక బల్ల ముందు కూర్చుంటే ఒక్క పూటలో రాసే కాగితాలు ఇవి. మేడారానికి 6,000 బస్సుల టైమ్‌టేబుల్ రాసినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. రైలు రాకముందే, ఈ ఏడే, వాళ్ళను ఆ బల్ల ముందు కూర్చోబెట్టండి.